వేగము పెంచిన కంప్యూటరు

మొన్నటి వేసవిలో పెన్నానది ఆయకట్టును గురించి రైతుల మాటలు సేకరించుటకై మేము సంగము వెళ్లితిమి. 2022వ సంవత్సరము సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ మీద నిలిచి, ఒక వృద్ధ రైతు మాకు కాలువల సంగతి చెప్పెను. కాలువ త్రవ్వించువాడు ఎంత నీరు పారవలెనో లెక్క కట్టి, ఆ పైన గట్టును మరికొంత ఎత్తు పోయించునట. ఆ మిగులు ఎత్తు నీటి కొరకు కాదు. గాలివానకు, ఎలుక బొరియలకు, కాలక్రమమున గట్టు క్రుంగుటకు. "పైరు ఎండతా ఉందని ఆ మిగులు గూడా నింపితే నింపొచ్చు సార్. కానీ ఆ రాత్రి గట్టు మీద ఎవురో ఒకరు లాంతరు పెట్టుకోని తిరగతా ఉండాల" అని అతడనెను.

ఆ మాటను మేము ధ్వనిముద్రణ చేసికొంటిమి గాని, అది అదే దినము మధ్యాహ్నము మరియొక సందర్భమున అక్కరకు వచ్చునని అనుకొనలేదు.

బస్టాండు సమీపమున ఒక ఫోటో స్టూడియో కలదు. దాని యజమాని ముప్పది యేండ్లు నిండని యువకుడు. చుట్టుప్రక్కల ఊళ్ల పెండ్లిండ్లకు వీడియోలు తీసి, కూర్చి, కుటుంబములకు అందించుట అతని వృత్తి. మేము రేడియోవారమని తెలిసి లోపలికి పిలిచి, మంచినీరిచ్చి, కొంతసేపు తటపటాయించి, తన కష్టము చెప్పుకొనెను. ఒక పెండ్లి వీడియోలో సరిగా మాంగల్యధారణ వేళ ఎనిమిది సెకండ్లపాటు బొమ్మ గళ్లు గళ్లుగా చెదరిపోయినది. కెమెరాలోని మెమరీ కార్డును మరునాటి పెండ్లికై అప్పటికే తుడిచివేసినాడు. ఉన్నది కంప్యూటరులోనికి ఎక్కించిన ప్రతి యొక్కటే. అది చెడినది. పెండ్లికూతురి తండ్రి వచ్చి కూర్చుండి, ఏమియు అనక, ఆ ఎనిమిది సెకండ్లను నాలుగైదు మారులు వేయించుకొని చూచి వెళ్లెనట.

కంప్యూటరుకు ఏమైనా మార్పులు చేసితివా అని అడిగితిమి. జనవరిలో "స్పీడు పెంచినా సార్, రాత్రంతా బాగానే ఆడతా ఉండింది" అనెను. ఇంగ్లీషున ఓవర్‌క్లాకింగ్ అని వాడుకలోనున్న పని ఇదే. చాలమంది యువకులు ఇండ్లలో దీనిని చేయుచున్నారు. వారి తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు. కనుక దానినిగూర్చి కొంత వివరముగా చెప్పుట మంచిదని తోచినది.

కంప్యూటరులో ప్రాసెసరను బిళ్ల ఒక లయ ననుసరించి పని చేయును. ఆ లయయే క్లాకు. యువకుని యంత్రములోనిది 2019లో ఎ.ఎం.డి. సంస్థ విడుదల చేసిన రైజెన్ 5 3600. దాని మూలవేగము 3.6 గిగాహెర్ట్జులు, అనగా సెకండునకు 360 కోట్ల లయలు. ఒక లయకును మరియొక లయకును నడుమ కాంతి సైతము జానెడు దూరము పోజాలదు. అంత స్వల్పకాలములో బిళ్లలోని విద్యుత్సంకేతములు తమతమ స్థానములకు చేరి స్థిరపడవలెను. చేరకమునుపే తరువాతి లయ పడినచో, ఒకటి యుండవలసినచోట సున్న పడును. మదర్‌బోర్డు 100 మెగాహెర్ట్జుల మూలలయ నిచ్చుచుండగా, ప్రాసెసరు దానిని 36 రెట్లు చేసికొనును. బయోసులోనికి పోయి ఆ గుణకమును 43 చేసినచో 4.3 గిగాహెర్ట్జులు. చేయుట ఇంత సులభము. కష్టమంతయు అటుపిమ్మటనే.

తయారుచేయువారు మిగులు ఎందుకు ఉంచుదురు? ఒకే పలకనుండి కోసిన బిళ్లలన్నియు ఒక తీరున ఉండవు. వానిలో మందకొడిది కూడ, మండువేసవిలో, కొన్నేండ్ల వాడుక తరువాత, తప్పులేక పనిచేయవలెను. అందుకై కొంత ఎడము విడిచి వేగమును ముద్రింతురు. కాలువ గట్టు మిగులును ఇట్టిదే. పూర్వము ఈ ఎడము మిక్కిలిగా నుండెడిది. 1998లో ఇంటెల్ వారి సెలెరాన్ 300ఎ అను చౌక ప్రాసెసరు 300 మెగాహెర్ట్జులకు అమ్మబడగా, మూలలయను 66 నుండి 100కు మార్చి అనేకులు దానిని 450 వద్ద నడిపిరి. వేగము సగము పాలు అదనముగా, ఉచితముగా లభించినది! ఆ దినముల కథలే నేటికిని కుర్రవాండ్ర చెవులలో గింగురుమనుచున్నవి. కాని 2008 తరువాత తయారీదారులే ఆ మిగులును వాడుకొన మొదలిడిరి. వేడి తక్కువగా ఉన్నప్పుడు ప్రాసెసరు తనంతట తానే వేగము పెంచుకొనును. మన యువకుని 3600 కూడ అవసరమైనపుడు ఒకటి రెండు కోరులపై 4.2 వరకు పోవును. అన్ని కోరులు కలిసి పనిచేయునపుడు, అతని యంత్రముపై, 3.95 దాపున నుండెను. కనుక 4.3 అని బయోసులో వ్రాసినప్పుడు అతనికి దక్కినది నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే. 2022లో నిపుణులు ద్రవ హీలియముతో చల్లార్చి ఒక ప్రాసెసరును 9 గిగాహెర్ట్జులు దాటించిరి. అది పందెపు గుఱ్ఱము సంగతి, మనది బండియెద్దు.

వేగము హెచ్చించినపుడు సంకేతములు త్వరగా చేరుటకు వోల్టేజి కూడ హెచ్చింపవలసివచ్చును. ఇక్కడనే చిక్కున్నది. పుట్టు వేడి వేగముతో సమముగా పెరుగును గాని, వోల్టేజి యొక్క వర్గముతో పెరుగును. వేగము నూటికి పది, వోల్టేజి నూటికి పది పెంచినచో వేడి నూటికి ముప్పదిమూడు హెచ్చును. వేడెక్కిన బిళ్లలో విద్యుత్తు వృథాగా కారుట హెచ్చును. అది మరల వేడి నిచ్చును. వోల్టేజి మితిమీరి చాలకాలము నడచినచో బిళ్లయే బలహీనపడును. ఇది ఊహ కాదు. 2023లో కొన్ని మదర్‌బోర్డులు పంపిన అధిక వోల్టేజి వలన రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లు కొన్ని మాడిపోగా, ఎ.ఎం.డి. వారు ఒక వోల్టేజికి 1.3 అని కట్టుబాటు విధించిరి. 2024లో ఇంటెల్ సంస్థ తన 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని హెచ్చు వోల్టేజి కారణముగా తప్పులు చేయుచున్నవని అంగీకరించి, సవరణ వెలువరించి, హామీ కాలమును రెండేండ్లు పొడిగించెను. వాడుకదారు చేయి పెట్టకున్నను ఇట్లు జరిగినది. తానై చేయి పెట్టి పాడుచేసికొన్నవానికి హామీ సాధారణముగా వర్తింపదు.

యువకుడు 4.3 గిగాహెర్ట్జులకు 1.4 వోల్టులు పెట్టినాడు. పైగా 3200 వేగమునకు అమ్మిన మెమరీని 3600కు ఎత్తినాడు. పెద్ద కూలరు కొని బిగించినాడు, అది మెచ్చదగినదే. జనవరి రాత్రి పది నిమిషముల పరీక్ష పెట్టి, నెగ్గినదని సంతోషించినాడు. అయితే కూలరు ఎంత పెద్దదైనను గదిలోని గాలికన్న చల్లగా చేయజాలదు. అతని ప్రాసెసరు పూర్తి పనిలో గదికన్న యాబదినాలుగు డిగ్రీలు పైన నిలుచుచుండెను. జనవరి రాత్రి గది 24 డిగ్రీలైన 78. మేము కూర్చున్న మే నెల మధ్యాహ్నము, పడమటిగాలి వీచుచుండగా, తలుపులు మూసిన ఆ గది 39. లెక్క మీరే కట్టుకొనవచ్చును. నెల్లూరుసీమలో రోహిణీకార్తె వచ్చువరకు ఏ వేగమును పరీక్షింపబడినట్లు కాదు.

ఆ మధ్యాహ్నము, రికార్డింగు పని ముగించుకొని, అతనితో కలిసి మేమే పరీక్షకు కూర్చుంటిమి. ప్రైమ్95 అను ప్రోగ్రాము ఒకటున్నది. మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకుటకు 1996లో ఆరంభమైన సామూహిక ప్రయత్నమునకు అది సాధనము. ఒక్క సంఖ్యను తేల్చుటకు దినములు, వారములు లెక్కింపవలసియుండును; నడుమ ఒక్క అంకె తప్పినచో అంతయు వ్యర్థము. అందుచేత యంత్రమును నమ్మవచ్చునా యని ముందుగా తేల్చుటకై అందులో ఒక కఠినపరీక్ష చేర్చిరి. జవాబు ముందే తెలిసిన లెక్కలను ఇచ్చి, యంత్రము చెప్పినదానితో పోల్చును. యంత్రము ఆగిపోవుట అటుంచి, నిశ్శబ్దముగా తప్పు చెప్పినను పట్టుకొనును. మాకు ఈ పరీక్ష యందు గౌరవమునకు కారణమిదే. ఆగిపోయిన యంత్రము చేయు నష్టము స్వల్పము. నడుచుచునే తప్పు వ్రాయు యంత్రము చేయునది పెద్దది.

పదునొకండవ నిమిషమున ఒక కోరు తప్పు చెప్పి నిలిచిపోయినది. వేడి 93. అదే అమరికతో అర్ధరాత్రి రెండు గంటలు నడిపితిమి, తప్పు పడలేదు. యువకుడు "అయితే పగటి పూట వాడకుండా ఉంటే సరిపోతుందా సార్?" అని అడిగెను. ఆశ యెంత గట్టిది! మరునాడు మెమరీకి వేరుగా మెమ్‌టెస్ట్86 పెట్టగా మూడవ విడతలో తప్పులు కనబడెను. 3200కు దించగానే అవి పోయెను. కార్డునుండి ఎక్కించు ప్రతి అక్షరమును ఆ మెమరీ ద్వారముననే పోవును గనుక, మాంగల్యధారణ చెడినది అక్కడనే యని మా నిశ్చయము.

పిమ్మట మొదటినుండి మొదలిడితిమి. ముఖ్యమైన ఫైళ్లన్నియు వేరొక డిస్కునకు ప్రతి తీయించితిమి. కూలరులోని దుమ్ము తీయించి, పాతబడిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూయించితిమి; దీనికే నాలుగు డిగ్రీలు తగ్గెను. మెమరీని దాని ముద్రితవేగము వద్దనే ఉంచి, ప్రాసెసరు నొక్కదానినే కదిల్చితిమి. రెండింటిని ఒక్కమారు కదల్చినవానికి తప్పు ఎవరిదో ఎన్నటికిని తెలియదు. 1.25 వోల్టులతో 4 గిగాహెర్ట్జుల నుండి 25 మెగాహెర్ట్జుల చొప్పున పైకి పోవుచు, అడుగడుగునకు పావుగంట పరీక్ష. వోల్టేజిని 1.3 దాటనీయరాదనియు, తయారీదారు హద్దు 95 అయినను వేడి 85 మించరాదనియు ముందే హద్దులు వ్రాసికొంటిమి. ముందే వ్రాసికొనుట యెందుకనగా, నడుమ ఉత్సాహము వచ్చును. 4.15 వద్ద తప్పు పడినది. వోల్టేజి పెంచుదమని అతడనెను; వద్దని మేమంటిమి. 4.1కు దిగి, ఆ మధ్యాహ్నమంతయు, రాత్రంతయు నడిపితిమి. మధ్యాహ్నము 81 డిగ్రీలు. తప్పు లేదు. విండోసులోని ఈవెంట్ వ్యూయరులో వీయా యను పేరిట హార్డువేరు తప్పులు నమోదగును. అందును ఏమియు లేదు. యంత్రము పైకి తూలకున్నను ఆ పట్టికలో తప్పులు పేరుకొనుచుండుట కద్దు గనుక, నెలకొకమారు తెరచి చూచుమని చెప్పితిమి. బయోసు అమరిక వికటించి యంత్రము లేవనే లేవకున్నచో, కరెంటు తీసివేసి మదర్‌బోర్డు మీది సీమాస్ చెరుపు పిన్నులను కలిపినచో పాత అమరిక తిరిగివచ్చునని చూపితిమి. యు.పి.ఎస్. అతనికి లేకపోలేదు, దాని బ్యాటరీ చచ్చి యేడాదియైనది.

ఒక గంట నిడివిగల వీడియోను సిద్ధపరచుటకు అసలు వేగములో 58 నిమిషములు పట్టెను. అతని 4.3తో 53. మా 4.1తో 56. మూడుదినముల శ్రమకు లాభము రెండు నిమిషములు! మమ్మడిగినచో, జీవనాధారమైన యంత్రమును అసలు వేగము వద్ద ఉంచుటయే మేలని అందుము. వేడుకకై చేయువాడు వేరొక యంత్రముపై చేసికొనవలెను. యువకుడు కొంతసేపు యోచించి, తానే బయోసు తెరచి అన్నిటిని మొదటి స్థితికి తెచ్చెను. దుమ్ము తీసినందున ఫ్యాను మోత తగ్గినది, అదియే చాలుననెను.

కార్డు విషయమున మాత్రము అతడు కొత్త పద్ధతి పెట్టుకొనినాడు. ఎక్కించిన ప్రతిని కార్డులోనిదానితో చెక్‌సమ్ తీసి పోల్చును. రెండవ డిస్కులో మరియొక ప్రతి ఉంచును. కుటుంబమువారు వీడియో చూచి సరే యన్నంతవరకు కార్డును తుడువడు. అందుకై మరి నాలుగు కార్డులు కొన్నాడు. ప్రాసెసరు మీద వెచ్చించిన కూలరు సొమ్ముకన్న అది తక్కువేనని నవ్వెను.

చెదరిన ఎనిమిది సెకండ్ల స్థానములో, ఆ వేళకు ప్రక్కనుండి బంధువులు తీసిన ఫోటోలు సేకరించి, వానిని వరుసగా పేర్చి, మేళము ధ్వని మాత్రము అసలుదే ఉంచినాడు. అక్షతలు పడు ఫోటోలో పెండ్లికూతురి తండ్రి ముఖము స్పష్టముగా కనబడుచున్నది. కెమెరా ఆయన నసలు పట్టనే లేదట. డబ్బు తిరిగి యిచ్చుటకు పోగా ఆయన సగము మాత్రము తీసికొని, ఆ ఫోటోను పెద్దది చేసి యిమ్మని అడిగినాడు.