ఇంటివారి కొరకు విసుగక ప్రార్థించుట
(శతాబ్ది ఉత్సవములలో స్త్రీల మైత్రి కూడికయందు చేసిన ప్రసంగము)



మన గుడికి ప్రతి ఆదివారము ఒంటరిగా వచ్చి కూర్చొనేవారు మనలో ఉన్నారు. భర్త గేటు వరకు బండి మీద దింపి వెళ్ళిపోతాడు. కుమారుడు క్రిస్మసుకు మాత్రము వచ్చి చివరి బల్ల మీద కూర్చొంటాడు. కొందరి తల్లిదండ్రులు తమ పూర్వికులు కొలిచిన దేవుళ్ళనే కొలుస్తున్నారు. మన అధ్యక్ష మండలము నూరేండ్ల లెక్కలు చూచుకొంటున్న ఈ దినములలో, బాప్తిస్మపు రిజిస్టరులో లేక మన ప్రార్థనలలో మాత్రమే ఉన్న పేర్లను కూడా తలచుకొందాము.

ప్రభువుకు సైతము ఇంట ఈ బాధ తప్పలేదు. ఆయన సహోదరులు ఆయనను నమ్మలేదని యోహాను సువార్త 7వ అధ్యాయము దాచక చెబుతున్నది. అదే సహోదరులు అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయములో తల్లి మరియతో కలిసి మేడగదిలో ప్రార్థిస్తూ కనబడతారు.

ఈ విషయములో సంఘము తరతరాలుగా తలచుకొనే తల్లి మోనికా. ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె ఆమె ఊరు. నేటి అల్జీరియా దేశములో ఉన్నది. భర్త పాత్రీసియు క్రైస్తవుడు కాడు, ముక్కోపి. ఆమె అతనితో వాదించలేదు, నడవడితోనే మాట్లాడింది. అతడు జీవితపు చివరి దినములలో బాప్తిస్మము పొందాడు. (భర్త చేతి దెబ్బలు ఓర్చుకోవడమే సాక్ష్యమని దీనినిబట్టి ఎవరూ బోధించకూడదు.)

కుమారుని సంగతి మరింత కష్టమైనది. 354లో పుట్టిన అగస్టీను పంతొమ్మిదో ఏట మానీ మతములో చేరాడు. మోనికా ఒక బిషప్పుగారి యొద్దకు వెళ్ళి, మీరు వానితో మాట్లాడండని బ్రతిమాలింది. ఇప్పుడు చెప్పినా వినడు, వానిని విడిచిపెట్టి ప్రార్థన చేయుమని ఆయన అన్నారు. ఆమె ఏడుస్తూ మరల మరల అడుగగా ఆయన కొంచెము విసుక్కొన్నారు కూడా. అంత కన్నీటికి నోచుకొన్న బిడ్డ నశించడని చెప్పి పంపివేశారు.

తరువాత 383లో అగస్టీను రోమాకు వెళ్ళ తలపెట్టాడు. తల్లి కార్తేజి రేవు వరకు వెంటపడింది. స్నేహితుని సాగనంపడానికి వచ్చానని అబద్ధమాడి, ఆమెను దగ్గరలోని సిప్రియను స్మారక మందిరములో ఉంచి, ఆ రాత్రే ఓడ ఎక్కాడు. ఆ రాత్రంతా ఆమె అడిగినది ఒక్కటే: వాడు వెళ్ళకూడదని. తెల్లవారేసరికి ఓడ లేదు. ఆ ప్రార్థన నెరవేరియుంటే ఏమయ్యేదో చూడండి. రోమా నుండి అతడు మిలాను చేరాడు. అక్కడ బిషప్పు అంబ్రోసు ప్రసంగములు విన్నాడు. 386లో మనస్సు మార్చుకొని, 387 ఈస్టరునాడు ఆయన చేతనే బాప్తిస్మము పొందాడు. ఆ రాత్రి తోసివేయబడిన మనవిలోనే ఆమె అసలు మనవికి దారి ఉన్నదని అగస్టీనే తరువాత వ్రాశాడు. సముద్రము దాటి కొడుకును చేరుకొన్న మోనికా ఆ సంవత్సరమే ఓస్తియాలో, 56వ ఏట కన్నుమూసింది.

మనము కూడా ఓడ ఆగాలనే అడుగుతుంటాము. అడగడము తప్పు కాదు. కాని ప్రార్థన మనవి పేరిట ఇంటి గుట్టు కూడికలో పరచడము మాత్రము మానుకొందాము. భర్త తాగుడు, మొండితనము పొద్దున ప్రార్థనలో చెబితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అది విన్న మనిషి గుడి వైపు తిరిగి చూస్తాడా? ఇంట్లో అన్నము వడ్డించేటప్పుడు వాక్యముతో పొడవడము కూడా అటువంటిదే.

ముప్పది ఏండ్లు ప్రార్థించి, ఏ మార్పు చూడకనే భర్తను సాగనంపిన తల్లులు ఇక్కడ కూర్చొని ఉన్నారు. నీ విశ్వాసము చాలలేదని వారితో అనడము క్రూరత్వము. లూకా 18లో విసుగక అడిగిన విధవరాలి ఉపమానము ప్రభువు చెప్పినది వారిమీద నేరము మోపడానికి కాదు. వారి బిడ్డలు వేరొక ఆచారము ప్రకారము దినకర్మలు జరుపుతుంటే, మన స్త్రీలు ఆ ఇంటికి వెళ్ళి ఆమె ప్రక్కన కూర్చోవాలి. మన సంఘములలో ఇది జరుగవలసినంత జరుగడము లేదు.

ఇప్పుడు విజ్ఞాపన ప్రార్థనకు లేచి నిలుద్దాము. ఈ పూట పేర్లు పైకి చదవము. ఎవరి మనస్సులోని పేరును వారు మౌనముగా ప్రభువు ఎదుట ఉంచుదురు గాక.