బొమ్మ ఎవరిది? ఫొటో ఎవరిది?



ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టారనుకుందాం. మెట్లపై కొండపల్లి దశావతారాలు, పక్కనే ఛోటా భీమ్ బొమ్మ. మీరు ఫొటో తీశారు. ఆ ఫొటోపై హక్కు ఎవరిది?

"నాదే" అంటారు మీరు. అది సగమే నిజం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫొటో తీసినవారే సాధారణంగా దాని తొలి హక్కుదారు. 2012 సవరణ తరువాత ఈ హక్కు వారి జీవితకాలమే కాక, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. అయితే ఫొటోలోని బొమ్మ కూడా ఒకరి సృష్టే కదా! శిల్పం వంటి కళాకృతిని బొమ్మగానో ఫొటోగానో చూపడం కూడా దానికి ప్రతి తీయడమే అంటుంది చట్టం. అంగడిలో మీరు కొన్నది వస్తువును మాత్రమే. రూపంపై హక్కును కాదు.

మరి జూబిలీ పార్కులోని జంషెడ్‌జీ టాటా విగ్రహం మాటేమిటి? బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడానికి 52వ సెక్షను అనుమతిస్తుంది. కొలువు నాలుగు రోజులది. ఇల్లు బహిరంగ స్థలం కాదు. కనుక ఆ మినహాయింపు ఇక్కడ వర్తించదు. సొంతానికి దాచుకుంటే చిక్కులేదు; ప్రచురిస్తేనే ప్రశ్న.

అన్ని బొమ్మలకూ ఒకే సూత్రం లేదు. తరతరాలుగా వస్తున్న కొండపల్లి రూపం ఏ ఒక్కరి సొత్తూ కాదు. కళాకారుడు కొత్తగా కల్పించినది ఆయనది. కొండపల్లికి లభించిన భౌగోళిక గుర్తింపు ఆ పేరును కాపాడుతుంది, ఫొటోను ఆపదు. డిజైనుగా నమోదు చేయదగిన రూపాన్ని నమోదు చేయకుండా, యాజమాన్యమే యంత్రాలపై 50కి మించి ప్రతులు తీస్తే, మన దేశంలో దాని కాపీరైటు ముగుస్తుంది. అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 1983లో బొమ్మ విమానానికి సైతం కాపీరైటు ఉండవచ్చని తీర్పు చెప్పింది.

ఇప్పుడు లైసెన్సు సంగతి చూద్దాం. 2002లో వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో "ఎవరైనా వాడుకోవచ్చు" అని మీరు ప్రకటిస్తే, ఇచ్చేది మీ వాటా మాత్రమే. ఆ మాట నమ్మి ఎవరో ఒక చిన్న ముద్రాపకుడు క్యాలెండరు వేస్తే, భీమ్ హక్కుదారు ఆయనను నిలదీయవచ్చు. నష్టపోయేది మిమ్మల్ని నమ్మినవాడు!

అందుచేత ఫొటో ఇచ్చే ముందు మూడు పనులు చేయండి: బొమ్మ చేసినదెవరో రాయండి, అవసరమైతే అనుమతి అడగండి, "ఈ లైసెన్సు ఫొటోకే, బొమ్మకు కాదు" అని స్పష్టం చేయండి.