గింజ నుంచి అవకాడో: మహేశ్వరం పెరట్లో వెన్నపండు మొక్క

అవకాడో గింజ ఎండితే మొలవదు. కందులు, పెసలు ఏడాదంతా గరిసెలో ఉండి కూడా తొలకరి పడగానే మొలుస్తాయి. అవకాడో తీరు అది కాదు. పనస గింజ, నేరేడు గింజ మాదిరిగా లోపల తడి ఉన్నంతవరకే దానికి ప్రాణం. పండులోంచి తీసిన గింజను గట్టు మీద వదిలేస్తే రెండు మూడు వారాల్లో మొలకశక్తి పోతుంది. కాబట్టి పండు తిన్న రోజే గింజ సంగతి చూడాలి. అంటుకున్న గుజ్జును నీళ్లతో శుభ్రంగా కడగాలి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది.

ఏ పండు గింజ అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. అవకాడో పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. దాల్చిన చెక్క, బిర్యానీ ఆకు, కర్పూరం చెట్లది, దీనిది ఒకటే కుటుంబం. అవకాడోలో మూడు జాతులున్నాయి. మెక్సికో జాతి చలిని ఓర్చుకుంటుంది. గ్వాటెమాలా జాతి కొండ ప్రాంతాలది. వెస్ట్ ఇండియన్ జాతి మాత్రం వేడి ఎక్కువగా ఉండే పల్లపు నేలలది. వేడిని, నీటిలోని ఉప్పును మూడింటిలోకీ బాగా తట్టుకునేది ఇదే. 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికన్ మిషనరీల ద్వారా అవకాడో బెంగళూరు ప్రాంతానికి చేరింది. ఇప్పుడు కొడగు, వయనాడు, నీలగిరి, కొడైకెనాల్ దిగువ కొండలు, సిక్కింలలో పండుతోంది.

హైదరాబాద్ పండ్ల దుకాణాల్లో రెండు రకాలు కనిపిస్తాయి. చిన్నగా, గరుకు తొక్కతో, పండితే నల్లబడేది హాస్. ఇది ఎక్కువగా టాంజానియా వంటి దేశాల నుంచి వస్తుంది. పెద్దగా, నున్నటి పచ్చ తొక్కతో ఉండేవి కొడగు, తమిళనాడు తోటల పండ్లు. వీటిలో వెస్ట్ ఇండియన్ జాతి పోలికలు ఎక్కువ. ధర, పేరు హాస్‌కే ఉన్నా హైదరాబాద్ దగ్గరి మహేశ్వరంలో నాటడానికి పచ్చ తొక్క పండు గింజే మేలు. విదేశీ పండు వారాల తరబడి శీతల గిడ్డంగిలో గడిపి వస్తుంది కనుక దాని గింజ మొలకెత్తే అవకాశమూ తక్కువే. పైగా దక్షిణాది తోటల పండ్లు ఎక్కువగా దొరికేది వానాకాలంలో. జులై నుంచి సెప్టెంబరు లోపల నాటిన గింజ ఎండలు ముదిరేలోగా ఆరేడు నెలల మొక్కవుతుంది.

గింజకు సన్నటి చివర ఒకటి, వెడల్పైన అడుగు ఒకటి ఉంటాయి. సన్నటి చివర పైకి, అడుగు కిందికి ఉండాలి. తలకిందులైతే మొక్క వంకర తిరుగుతుంది. గోధుమ రంగు పలుచటి పొరను గోటితో ఒలిచేస్తే మొలక తొందరగా వస్తుంది. ఒలిచేటప్పుడు గోరు గుచ్చుకున్న చోట తెల్లటి పసరు ఊరి, కాసేపటికి నారింజ ఎరుపుకు తిరుగుతుంది. అది కుళ్లు కాదు, గాలి తగలడం వల్ల వచ్చే మార్పు.

గింజకు పక్కల నాలుగు టూత్‌పిక్‌లు గుచ్చి, గాజు గ్లాసు అంచు మీద నిలిపి, అడుగు అంగుళం మేర నీటిలో మునిగేలా ఉంచడం అందరికీ తెలిసిన పద్ధతి. పిల్లలకు వేరు పెరగడం కళ్లారా చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. అయితే నిలవ నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వానాకాలంలో మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, గ్లాసును లోపల రుద్ది కడగాలి. మొక్క కోసమే అయితే నేరుగా కుండీలో నాటడం మంచిది. నీటిలో పెరిగిన వేరు మట్టిలోకి మార్చేటప్పుడు ఇట్టే విరుగుతుంది. మట్టిలో పుట్టిన వేరుకు ఆ గండం లేదు. గింజ పై భాగం మూడో వంతు మట్టి బయట ఉండాలి.

రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య గింజ నిలువునా పగులుతుంది. ముందు అడుగు నుంచి తెల్లటి తల్లి వేరు దిగుతుంది. ఆ తర్వాత చాలా రోజులు పైన ఏ కదలికా ఉండదు. గింజ చచ్చిందనుకుని చాలామంది ఈ దశలోనే పారేస్తారు. గింజ గట్టిగా, మెత్తబడకుండా ఉంటే ఓపిక పట్టాలి. తర్వాత రాగి రంగు ఆకులతో కాండం లేస్తుంది. నెలల తరబడి మొక్కను పోషించేది ఆ రెండు గింజ బద్దలే, వాటిని తుంచకూడదు. కాండం ఏడెనిమిది అంగుళాలు పెరిగాక సగానికి కత్తిరిస్తే పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురవుతుంది. అంటు కట్టే ఉద్దేశం ఉంటే మాత్రం కత్తిరించకుండా ఒంటి కాండంగానే పెంచాలి.

అవకాడో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు చాలక కాదు, ఎక్కువై. దీని వేళ్లకు నూగు వేళ్లు ఉండవు. నేల పైపొరలోనే పాకుతాయి. వాటికి గాలి కావాలి. మట్టి ముద్దగా ఉంటే ఫైటోఫ్తోరా అనే తెగులు వేళ్లను కుళ్లబెడుతుంది. మహేశ్వరం ఎర్ర చెల్కలు ఈ విషయంలో అనుకూలమే, నీరు నిలవదు. కుండీలో ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి, చెదలు రాకుండా గుప్పెడు వేపపిండి వేయాలి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. వేలు రెండు అంగుళాలు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి.

ఇక ఆ నీళ్లు ఎలాంటివన్నది చూడాలి. మహేశ్వరం సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైచిలుకు ఎత్తులో, గ్రానైట్ రాతి మీద ఉంది. బోర్లకు ఆధారం ఆ రాతి పగుళ్లలో ఊరే నీరే. ఇక్కడి 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు కలిసి ఏళ్ల తరబడి పరిశీలించారు. నేలలోకి ఇంకే నీటి కన్నా తోడే నీరే ఎక్కువని తేల్చారు. ఇటువంటి బోరు నీటిలో లవణాలు పేరుకుంటాయి. అవకాడో ఆకు కొన గోధుమ రంగుకు మాడి, ఆ మాడు అంచుల వెంట పాకితే కారణం ఎక్కువగా ఉప్పే. ఎరువు తక్కువైందని మరింత ఎరువు వేస్తే మాడు పెరుగుతుంది. డాబా మీది వాన నీటిని డ్రమ్ముల్లో పట్టి, మూత వేసి వాడుకోవడం ఉత్తమం. అది లేకుంటే నెలకోసారి కుండీ నిండా పోసి, నీరు అడుగు నుంచి ధారగా పోయేలా చేస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

నీటి తర్వాత రెండో గండం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటినప్పుడు లేత మొక్కకు సగం నీడనిచ్చే షేడ్‌నెట్ కావాలి. కాండానికి సున్నం పూస్తే బెరడు కాలదు. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు, వేరుశనగ పొట్టు మందంగా పరచాలి. నేలలో నాటేవారు గుంత కన్నా దిబ్బను నమ్ముకోవాలి: అడుగున్నర ఎత్తు మట్టి పోసి దాని మీద నాటితే భారీ వానకూ వేళ్లు మునగవు.

బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు. అవకాడో కూడా అంతే. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ 1926 ప్రాంతంలో గింజలు నాటి, మొలిచిన మొక్కలకు ఫ్యుర్టే రకం అంటు కట్టించాడు. ఒక మొక్కకు అంటు పట్టలేదు. దాన్ని వదిలేస్తే అదే కాసింది, దాని పండు పిల్లలకు నచ్చింది. 1935లో పేటెంట్ తీసుకున్నాడు. నేడు ప్రపంచ వ్యాపారంలో సింహభాగం ఆ ఒక్క గింజ మొక్క సంతానమే, అదీ అంటుల ద్వారా. తల్లి చెట్టు వేరుకుళ్లుతో 2002లో చనిపోయింది. ఇలాంటి అదృష్టం వేల గింజల్లో ఒకదానిది. గింజ మొక్క కాపుకు రావడానికి అయిదు నుంచి పదేళ్లు, అంతకు మించి కూడా పట్టవచ్చు. ఆ కాసే పండు ఎలా ఉంటుందో ముందే చెప్పలేం.

అందువల్ల ఇంట్లో మొలిచిన మొక్కకు సరైన స్థానం అంటుకు ఆధారమిచ్చే వేరు మొక్కది. కాండం పెన్సిలు లావయ్యాక, గాలిలో తేమ ఉండే రోజుల్లో చీలిక అంటు కట్టాలి. కాండాన్ని జానెడు ఎత్తున కోసి, ఒకటిన్నర అంగుళాల లోతు చీల్చి, మంచి రకం చెట్టు నుంచి తీసిన, మూడు నాలుగు మొగ్గలున్న పుల్లను ఉలి మొనలా చెక్కి దించాలి. కనీసం ఒక పక్కనైనా రెండు బెరళ్ల కింది పచ్చ పొరలు కలవాలి. టేపు చుట్టి, మొగ్గ విచ్చేదాకా పాలిథీన్ కవరు తొడగాలి. కొడగులోని చెట్టళ్లి ఉద్యాన పరిశోధన కేంద్రం ఇచ్చిన అర్క సుప్రీం, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన టీకేడీ 1 మన దక్షిణాదికి ఎంపిక చేసిన రకాలు. అంటు మొక్క మూడు నాలుగేళ్లలో కాపు పడుతుంది.

పువ్వు విషయంలోనూ ఈ చెట్టుది వింత పద్ధతి. ప్రతి పువ్వూ రెండుసార్లు విచ్చుకుంటుంది: మొదట ఆడపువ్వుగా, ముడుచుకుని మర్నాడు మగపువ్వుగా. కొన్ని రకాలు పొద్దున ఆడ, మర్నాడు మధ్యాహ్నం మగ. మిగతావి మధ్యాహ్నం ఆడ, మర్నాడు పొద్దున మగ. ఒంటి చెట్టు కూడా కొంత కాస్తుంది. ఇరుగుపొరుగు పెరళ్లలో రెండు వర్గాల చెట్లుంటే, తేనెటీగలుంటే కాపు పెరుగుతుంది. పిందెలు వేసవి వడగాలికి రాలడం మాత్రం ఇక్కడ తప్పదు. పాడేరు, చింతపల్లి కొండల చల్లదనం ఈ చెట్టుకు మహేశ్వరం కన్నా బాగా నప్పుతుంది. ఇక్కడ దీన్ని ఎకరాల్లో వేయడం కన్నా పెరటి చెట్టుగా పెంచుకోవడమే వివేకం. కాయ చెట్టు మీద మెత్తబడదు. ముదిరాక కోసి ఇంట్లో ఉంచితే వారం అటూ ఇటూగా పండుతుంది.

ఆకులు, బెరడు, గింజలో పెర్సిన్ అనే విషపదార్థం ఉంది. మనుషులు తినే గుజ్జుతో భయం లేదు కానీ మేకలు, గొర్రెలు, పశువులు, కుందేళ్లు ఆకు మేస్తే పాలు తగ్గి, పొదుగు వాచి, గుండె దెబ్బతింటుంది. చిలకలు, కోళ్ల వంటి పక్షులకు గుజ్జు కూడా ప్రమాదమే. కత్తిరించిన కొమ్మలను దొడ్డి వైపు వేయకూడదు. ప్రహరీ లేని పెరట్లో నాటేవారు మొక్క కన్నా ముందు కంచె వేసుకోవాలి.