వీడ్కోలు మాటలు సరే... రికార్డుల రాసిన ఇల్లేది?

(ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టసభలల్ల ఒక మంచి ఆనవాయితీ ఉన్నది. సభ సెక్రటరీ జనరల్ దిగిపోతుంటే సభ్యులు లేచి ఆయన సేవలను కొనియాడుతరు. ఆ కాసేపు అధికారపక్షం, ప్రతిపక్షం ఒక్కటే మాట మాట్లాడుతయి. దీన్ని మేం తప్పుపడుత లేం. పనిచేసినోళ్లను పొగడాలె. కాని ఆ పొగడ్త ఎవల దాకా పోతున్నదో అడగాలె కదా!

రాజ్యాంగం 98వ అధికరణం పార్లమెంటు ఉభయ సభలకు వేర్వేరు సచివాలయాలు ఇచ్చింది. 1952ల రాజ్యసభ మొదలైతే, ఆ సచివాలయంలనే ఎదిగిన ఉద్యోగి సెక్రటరీ జనరల్ కావడానికి 2021 సెప్టెంబర్ దాకా పట్టింది. ఆయన పి.పి.కె. రామాచార్యులు. నవంబర్ 12న ఆ కుర్చీలకు వేరేటాయన వచ్చిండు. నడుమ సభ ఒక్కనాడు కూడా నడవలే. కింది నుంచి వచ్చినోనికి దక్కిన మర్యాద గింతే!

సభ సిబ్బంది అంటే ఏందో మనకు ఒకలు చెప్పనక్కర లేదు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభల పెప్పర్ స్ప్రే కొడితే ఆ ఘాటు సభ్యులకే కాదు, అక్కడ పనిచేసేటోళ్లకూ తగిలింది. ఫిబ్రవరి 19న రాజ్యసభల మన బిల్లు సందేశం చదువుతున్న సెక్రటరీ జనరల్ చేతులకెళ్లి కాగితాలు గుంజబోయిండ్రు. తెల్లారి, 20న, అదే సభల బిల్లు పాసయింది. ఎంత లొల్లి అయినా, ఎవలు ఏమన్నరో రాసి పెట్టేది ఆ ఉద్యోగులే.

మరి వాళ్లు రాసిన రికార్డుల ఏమున్నది? ఊరోళ్ల ఇల్లు ఉన్నది. ఇందిరా ఆవాస్ యోజన 1985-86ల మొదలైంది. 1985ల ఇరవై రెండేండ్ల వయసుల కొలువుల చేరిన రిపోర్టర్ 2023ల అరవై ఏండ్లకు దిగిపోతడు. ముప్పై ఎనిమిదేండ్ల సర్వీసుల ఆయన "గ్రామీణ పేదలకు పక్కా ఇల్లు" అన్న మాట ఎన్నిసార్లు రాసి ఉంటడు? 2016ల పథకం పేరు ప్రధానమంత్రి ఆవాస్ యోజన అయింది. ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు అన్నరు. మైదాన ప్రాంతంల లక్షా 20 వేలు అన్నరు. 2024 ఆగస్టుల ఇంకో రెండు కోట్ల ఇండ్లకు కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది. పైసలు మాత్రం అదే లక్షా 20 వేలు! ఎనిమిదేండ్లల సిమెంటు ధర, సలాక ధర, మేస్త్రీ కూలి అక్కడనే ఆగినయా? పెంచాలని పార్లమెంటు స్థాయీ సంఘమే సిఫారసు చేసింది. ఆ సిఫారసును కూడా ఉద్యోగులే టైపు చేసిండ్రు, అచ్చేసిండ్రు.

ఢిల్లీని అని ఊకుంటే న్యాయం కాదు. మన రాష్ట్రం వచ్చినంక 2015ల డబుల్ బెడ్‌రూం అన్నరు, 560 చదరపు అడుగులు అన్నరు. ఎదురుచూసినోళ్లు ఎందరో, తాళంచెవి చేతికి వచ్చినోళ్లు కొందరే. కట్టినయి కూడా కొన్ని పంచక పాడువడ్డయి. 2024 మార్చి 11న భద్రాచలంల ఇందిరమ్మ ఇండ్లు మొదలువెట్టిండ్రు. సొంత జాగ ఉన్నోళ్లకు 5 లక్షలు. మంచిదే. కాని మొదటి లక్ష ఎప్పుడిస్తరు? పునాది లేచినంక. పునాదికి పైసలు లేకనే కదా అతను పేదోడయింది! మూడు రూపాయల మిత్తికి తెచ్చి పునాది తీస్తడు. బిల్లు ఆలస్యమైతే గోడలు లేవవు, మిత్తి లేస్తది.

అందుకే మేం అడిగేది నాలుగే ముచ్చట్లు. పునాదికి ముందే మొదటి విడత ఇయ్యాలె. జాగ లేనోళ్లకు జాగ చూపెట్టి, ఆడామె పేర పట్టా చెయ్యాలె. ధరలను బట్టి ఏటేటా మొత్తాన్ని సవరించాలె. ఎవలకు వచ్చింది, ఎవలకు ఎందుకు రాలేదు అన్నది గ్రామసభల పేరు పేరునా చదివి వినిపించాలె.

ఉద్యోగ మిత్రులారా, ఆ ఫైలు మీ బల్ల మీదికెళ్లే పోతది. దాన్ని ఒక్కరోజు కూడా ఆపకుండ్రి. విద్యార్థులారా, ఈసారి ఊరికి పోయినప్పుడు గ్రామసభల కూసోండ్రి, జాబితా అడుగుండ్రి. సభల ఇచ్చిన మాట రికార్డుల ఉన్నది. రాసినోడు రిటైరై పోతడు గాని, మాట ఇచ్చిన సర్కారుకు రిటైర్మెంట్ లేదు. ఆ మాట నిలబెట్టుకునుడే సభ తన సిబ్బందికి చేసే అసలైన సన్మానం.