చెరిపినను చెరగని వ్రాత

తాళ్ళపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయపు అరలో శతాబ్దములు మరుగుపడియుండి, 20వ శతాబ్దమున వెలుగు చూచినవి. అది మన భాగ్యము. కాని మన యింటి బ్యాంకు పత్రములు అటులే పరులకు దొరకినచో ముప్పు గదా!

తిరుపతిలోనో చిత్తూరులోనో పాత కంప్యూటరును అమ్మునపుడు, ఫైళ్ళను చెరిపితిమని మనము నిశ్చింతగా నుండరాదు. అందలి సాలిడ్ స్టేట్ డ్రైవు, తన అరలన్నియు సమముగా అరుగుటకై, క్రొత్త వ్రాతను పాతదానిపై గాక వేరొక అరలో వ్రాయును. పాతది కొంతకాలము లోపలనే నిలిచియుండవచ్చును.

కావున తయారీదారు నిర్దేశించిన సంపూర్ణ నిర్మూలన ఆదేశమును ప్రయోగింపవలెను. మొదటిదినము నుండియే ఫైళ్ళను గూఢలిపిలో భద్రపరచుట మరింత మేలు. అమ్మునాడు ఆ లిపిని విప్పు సంకేతమును నశింపజేసినచో, మిగిలిన వ్రాత యెవరికిని బోధపడదు.