బస్తరులో ఉన్నత విద్య: ఉన్నదీ, అందేదీ

జగదల్పూరు పట్టణంలో ధరంపురా అనే పేట ఉన్నది. అక్కడి ప్రభుత్వ స్నాతకోత్తర కళాశాల పేరు కాకతీయ కళాశాల. ఈ పేరు వినగానే తెలుగువారికి ఓరుగల్లు స్ఫురించడం సహజం. ఆ స్ఫురణ సరియైనదే. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి కొత్త రాజ్యం స్థాపించినాడని బస్తరు రాజవంశం చెప్పుకొనే కథ. ఇప్పుడు ఏటా కొత్త విద్యాసంవత్సరం ఆరంభంలో ఆ కళాశాలలోనికి అడుగుపెట్టే పిల్లలలో కోంటా నుండి, భోపాలపట్నం నుండి వచ్చినవారు కొందరుంటారు. వారు ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, బడిలో హిందీ మాట్లాడుతూ పెరిగినవారు. మిగిలినవారిలో హల్బీ, గోండీ, ధుర్వా, భత్రీ మాతృభాషలుగా గలవారు ఉంటారు. వీరిలో పెక్కుమంది తమ ఇంటి నుండి కళాశాల గడప తొక్కిన తొలి వ్యక్తులు. వారి కొరకు ఏర్పడి ఉన్న సౌకర్యాలేవి, వాటిలో వారి చేతికి నిజంగా అందేవి ఎన్ని అన్నది ఈ తరుణంలో ఆలోచించదగిన విషయం.

ముందుగా కొంత పూర్వకథ. అవిభక్త బస్తరు జిల్లా వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాల డివిజను. ఇంతటి ప్రాంతానికి 2008 వరకు తనదంటూ ఒక విశ్వవిద్యాలయం లేదు. అప్పటి కళాశాలలు 1964లో రాయపూరులో స్థాపితమైన రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. జగదల్పూరు నుండి రాయపూరుకు దాదాపు 300 కిలోమీటర్లు. మార్కుల పట్టికలో పేరు తప్పుపడితే భోపాలపట్నం విద్యార్థి ముందు రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి జగదల్పూరు చేరి, అటుపై రాయపూరు బస్సు ఎక్కవలసి వచ్చేది. ఆ ఖర్చుకు, ఆ రోజులకు వెరచి తప్పును తప్పుగానే ఉంచుకొన్నవారు ఉండి ఉంటారు. 2008లో బస్తరు విశ్వవిద్యాలయం ఏర్పడినది. 2013 మే 25న ఝీరం లోయ దాడిలో హతుడైన మహేంద్ర కర్మా పేరు తరువాత దానికి పెట్టినారు. జగదల్పూరులో 1983 నుండి ఇంజనీరింగ్ కళాశాల, 2006 నుండి వైద్య కళాశాల ఉన్నవి. 1910 నాటి భూంకాల్ తిరుగుబాటు నాయకుడు గుండాధూర్ పేరిట వ్యవసాయ కళాశాల కూడా ఉన్నది.

ఇక లోపల ఏమున్నది? గ్రంథాలయం విషయమే చూడవచ్చు. 2025 జనవరి 1 నుండి ‘ఒక దేశం, ఒక చందా’ పథకం అమలులోనికి వచ్చినది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, దాదాపు 13,000 అంతర్జాతీయ పరిశోధనా పత్రికలను దేశంలోని 6,300 ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు ఉచితంగా అందించడం దీని ఉద్దేశం. నిన్నటిదాకా ఢిల్లీలోనో, బెంగుళూరులోనో పెద్ద సంస్థలకు మాత్రమే దొరికిన పత్రికను చిన్న పట్టణపు విద్యార్థి కూడా చదివే వీలు కలిగినది. 2017లో ఆరంభమైన ‘స్వయం’ పాఠాలు, 2018లో జాతికి అంకితమైన జాతీయ డిజిటల్ గ్రంథాలయం, దేశంలోని పరిశోధనా గ్రంథాలను భద్రపరచిన ‘శోధగంగ’ సరే సరి. వీటన్నిటికీ పైసా చెల్లించనక్కర లేదు. అయితే ఆ పత్రికలలో అత్యధిక భాగం ఇంగ్లీషులోనివే. తమ పేరు ఎక్కడ నమోదు చేసుకోవలెనో, సంకేతపదం ఎవరిని అడగవలెనో తొలి నెలలో చెప్పేవారు లేకపోతే, ఆ 13,000 పత్రికలు ఉన్నా లేకున్నా విద్యార్థికి ఒకటే.

పట్టణంలోనే మరొక గ్రంథాలయం ఉన్నది. హిందీ, హల్బీ, భత్రీ, ఛత్తీస్‌గఢీ భాషలలో రచనలు చేసిన లాలా జగదల్పురి (1920–2013) పేరు దానికి పెట్టినారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కూర్చొనేందుకు చోటు దొరకడమే పెద్ద వసతి. అద్దెగదిలో నలుగురు ఉండేవారికి ఆ మాట వేరుగా చెప్పనక్కర లేదు.

బస్తరు విద్యార్థికి ఉన్న అసలైన సంపద, ఎవరూ సంపదగా లెక్కించనిది ఒకటి ఉన్నది. భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ వారి ప్రదర్శనశాల 1972 నుండి జగదల్పూరులో ఉన్నది. యాత్రికులు వచ్చి చూసి పోతుంటారు. అక్కడ అద్దాల వెనుక ఉన్నవాటిలో కొన్ని ఆ ఊరి విద్యార్థుల ఇళ్ళలో నేటికీ వాడుకలో ఉన్న వస్తువులే. కొమ్ము మాడియాలు, మాడియా గోండుల గురించి గ్రిగ్సన్ 1938లో, మురియాల ఘోటుల్ గురించి వెరియర్ ఎల్విన్ 1947లో, ధుర్వాల పర్జీ భాష గురించి బరో, భట్టాచార్యలు 1953లో గ్రంథాలు వ్రాసినారు. అవి మూడూ ఇంగ్లీషులోనివి. వ్రాసినవారు నలుగురూ బయటివారు. పర్జీ మాతృభాషగా గల విద్యార్థి ఆ వ్యాకరణం తెరచి చదివితే, అందులో ఏ మాట తన ఊరి ఉచ్చారణకు సరిపోలేదో చెప్పగలడు. ఆ పని ప్రపంచంలోని ఏ పెద్ద విశ్వవిద్యాలయపు ఆచార్యుడైనా అతనిని అడిగి తెలుసుకోవలసినదే గాని తానుగా చేయలేడు. మానవశాస్త్రంలో, భాషాశాస్త్రంలో, కాంగేర్ లోయ అడవి చేరువలో ఉన్నందున వనశాస్త్రంలో కూడా బస్తరు విద్యార్థికి పరిశోధన ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. ఉన్నత విద్య అభ్యసించే షెడ్యూల్డు తెగల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఏటా 750 జాతీయ పరిశోధక వేతనాలు ఇస్తున్నది. డిగ్రీ మొదటి సంవత్సరంలోనే ఈ సంఖ్య చెవినిబడితే ఆ పిల్లవాని చదువు తీరు వేరుగా ఉంటుంది.

అంతవరకు సాగడానికి మొదటి మెట్టు ఉపకారవేతనం. మెట్రిక్ అనంతర ఉపకారవేతనాల పథకం షెడ్యూల్డు తెగలకు 1948–49 నుండి వర్తిస్తున్నది; దేశంలో ఇంత పురాతనమైన విద్యా సహాయ పథకాలు అరుదు. కేంద్ర నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల సాలుసరి ఆదాయం రెండున్నర లక్షల రూపాయలకు మించరాదు. బస్తరు గ్రామాలలో ఆ పరిమితి అడ్డంకి కాదు, కాగితమే అడ్డంకి. కుల ధ్రువపత్రం కొరకు, షెడ్యూల్డు తెగల జాబితా వెలువడిన 1950 నాటికి కుటుంబం ఆ ప్రాంతంలో ఉన్నట్లు ఆధారం చూపవలసి ఉంటుంది. అడవిలో పోడు కొట్టుకొన్న తాతకు 1950లో పట్టా ఎక్కడిది? ఇట్టివారి కొరకు గ్రామసభ తీర్మానాన్ని ఆధారంగా స్వీకరించే వెసులుబాటును 2013 నాటి చట్టం క్రింద ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కల్పించినది. ఈ సంగతి తెలియక ఏడాది పోగొట్టుకోవడం దయనీయం.

జాబితాలో పేరు వెదుక్కోవడం మరొక చిక్కు. దోర్లా, ధుర్వా అనే పేర్లు ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండు అనే పద్దు క్రింద ఉన్నవి. అకారాది క్రమంలో ‘ద’కారం క్రింద వెదికే విద్యార్థికి అవి కనబడవు. అక్షరాలు కూడా కొన్నిసార్లు శత్రువులవుతవి. దేవనాగరిలో వ్రాసినప్పుడు ఒక మాత్ర అటో ఇటో అయినందువల్ల తరతరాలుగా తెగకు చెందిన కుటుంబాలు జాబితాకు వెలుపల నిలిచిన ఉదంతాలు ఛత్తీస్‌గఢ్‌లో ఎన్నో ఉన్నవి. ఆ పర్యాయనామాలను చేర్చడానికి పార్లమెంటు చట్టసవరణ చేయవలసి వచ్చినది. 2023లో అది పూర్తి అయినది. అదే ఏడాది షెడ్యూల్డు కులాల జాబితాలో మహారా, మహ్రా అనే రూపాలు కూడా చేరినవి. ఒక్క అచ్చు గుర్తు కొరకు పార్లమెంటు ఉభయ సభలూ పూనుకొనవలసి వచ్చినదంటే ఒక గుమాస్తా కలం పోటు ఎంత దూరం పోగలదో ఊహించవచ్చు.

భాష విషయం ఇంకా లోతైనది. కార్యాలయపు ప్రకటనలు హిందీలో ఉంటవి. స్నాతకోత్తర విజ్ఞానశాస్త్ర గ్రంథాలు ఇంగ్లీషులో ఉంటవి. ఇంటి మాట రెండింటికీ దూరం. దంతేవాడలోని దంతేశ్వరీ ఆలయంలో 1703 నాటి శాసనం ఉన్నది. అన్నమదేవుని కథ దానిలోనిదే. అది రెండు రాళ్ళమీద ఉన్నది. ఒకటి సంస్కృతం. సంస్కృతం చదువగలవారు మునుముందు తక్కువవుతారు గనుక రెండవ రాతిమీద దేశభాషలో వ్రాసినట్లు శాసనకర్తయే చెప్పుకొన్నాడు. మూడు వందల ఏళ్ళ క్రితం ఒక ఆస్థాన పండితునికి తోచిన ఈ ఉపాయం నేటి కార్యాలయానికి తోచకపోవడానికి కారణం లేదు. ఉపకారవేతనం గడువు, వసతిగృహం దరఖాస్తు, గ్రంథాలయ సమయాలు అనే మూడు విషయాలు హల్బీలోను, గోండీలోను, కోంటా పిల్లల కొరకు తెలుగులోను ఒక్కొక్క పుటగా వ్రాసి గోడకు అతికించడానికి బడ్జెట్టు అక్కరలేదు. వ్రాయగల సీనియర్ విద్యార్థులు ప్రతి కళాశాలలోను ఉన్నారు. 1969 సెప్టెంబరు 24న ఆరంభమైన జాతీయ సేవా పథకంలో ప్రతి స్వచ్ఛంద సేవకుడు ఏడాదికి 120 గంటలు పనిచేయవలసి ఉంటుంది. చెట్లు నాటడం, వీధులు ఊడ్వడం మంచి పనులే. ఆ గంటలలో ఇరవై, కొత్త పిల్లల వెంట బ్యాంకుకు, తహసీలు కార్యాలయానికి వెళ్ళి ఫారాలు చదివి వినిపించడానికి వెచ్చిస్తే అది కూడా సేవయే.

తొలి నెలను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉన్నది. నూతన జాతీయ విద్యావిధానం ప్రకారం ఛత్తీస్‌గఢ్ కళాశాలలలో 2024–25 నుండి సెమిస్టరు పద్ధతి వచ్చినది. పూర్వం ఏడాదికి ఒకే పరీక్ష. మాఘమాసంలో మేల్కొన్న విద్యార్థి కూడా గట్టెక్కేవాడు. ఇప్పుడు నాలుగైదు నెలలకే తొలి పరీక్ష. రెండవ సెమిస్టరు ఇంకా కష్టకాలం. అది సాగే నెలలలోనే గోదావరికి ఈవల తెలంగాణ, ఆంధ్ర మిరపతోటలలో కోతలు. సుక్మా, బీజాపూరు, దంతేవాడ గ్రామాల నుండి కుటుంబాలకు కుటుంబాలు కూలికి వస్తవి. తరువాత విప్పపూల కాలం. ఉపకారవేతనం సకాలంలో ఖాతాకు చేరని యువకుడు మిరపకోతకు వస్తాడు. వచ్చినవాడు తరగతికి తిరిగి వెళ్ళడం సందేహమే. ఏడాది చదివి ఆపినవారికి సర్టిఫికెట్టు ఇచ్చి, తరువాత మళ్ళీ చేరే అవకాశం కొత్త విధానంలో ఉన్నది. అది మేలే. కాని అది ఆపవలసిన చదువుకు సాకు కారాదు. తెలుగు రైతులు తమ చేలలో కాయలు కోసే కుర్రవానిని ఏ తరగతి చదివినావని అడిగి చూస్తే కొందరి జవాబు ఆశ్చర్యం కలిగించవచ్చు.

వీరిలో కొందరు 2005 తరువాతి హింసాకాండలో ఊరిబడి మూతపడగా, వెదురుతో కట్టిన ‘పోర్టా క్యాబిన్’ ఆశ్రమ పాఠశాలలలో చదివి పైకి వచ్చినవారు. కొందరి కుటుంబాలు అప్పుడే గోదావరి దాటి వచ్చి ఇటే ఉండిపోయినవి. షెడ్యూల్డు తెగ గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది గనుక ఛత్తీస్‌గఢ్ ధ్రువపత్రం తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో రిజర్వేషనుకు చెల్లదు. కేంద్రీయ విద్యాసంస్థలలో చెల్లుతుంది. 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడినది. హైదరాబాదు నుండి ఓరుగల్లు మీదుగా భోపాలపట్నం వెళ్ళే 163వ జాతీయ రహదారి ములుగు మీదుగానే పోతుంది. భోపాలపట్నం పిల్లలకు జగదల్పూరు కంటె ములుగే దగ్గర. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షను పదమూడు భాషలలో వ్రాయవచ్చు. వాటిలో హిందీ, తెలుగు రెండూ ఉన్నవి. దరఖాస్తుల గడువు సాధారణంగా పన్నెండవ తరగతి పరీక్షల చుట్టుప్రక్కలనే వస్తుంది గనుక, ఈ సమాచారం జగదల్పూరు కళాశాలలకంటె ముందుగా కోంటా, భోపాలపట్నం ఉన్నత పాఠశాలలకు చేరవలసి ఉన్నది.