పసికంటికి తొందర, పెద్దకంటికి నిదానం

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఇవాళ కంటి ఆపరేషన్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. నేను డాక్టరును కాను. పదో తరగతితో చదువు ఆపేసి, తెనాలిలో కాపురం చేసుకుంటున్న గృహిణిని. అయితే మా ఇంట్లో రెండు మూడు కంటి ఆపరేషన్లు దగ్గరుండి చూశాను. ఒకచోట ఆలస్యం చేసి నష్టపోయాం. ఇంకోచోట అనవసరంగా హడలిపోయాం. వైద్యం సంగతులు మాత్రం నా సొంతం కావు, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవే.

రెండేళ్ల కిందట రేపల్లెలో ఒక పెళ్లికని తెనాలిలో పాసింజరు బండి ఎక్కాను. ఎదురుగా ఒక అమ్మాయి నెల బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. పక్కనే వాళ్లమ్మగారు. వేమూరు దాటాక బిడ్డ కళ్లు తెరిచాడు. నల్లగుడ్డు మధ్యలో, కంటిపాప ఉండాల్సిన చోట, పాలచుక్క పడినట్టు తెల్లగా ఉంది. ఒక కంట్లో కాదు, రెండింట్లోనూ.

ఉండబట్టలేక, "డాక్టరుకు చూపించారా పిన్నిగారూ?" అని అడిగాను.

"చూపించాంలేమ్మా. శుక్లమట, ఆపరేషను చెయ్యాలట. పసిగుడ్డు, మత్తు తట్టుకుంటాడా? ఏడాది పోనీ, కాస్త గట్టిపడ్డాక చూద్దామని తీసుకొచ్చేస్తున్నాం" అందావిడ.

ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. బిడ్డ కళ్ల వంకే చూస్తోంది. ఊరివాళ్ల సంగతుల్లో తలదూర్చడం నాకు అలవాటు లేదు. కాని ఆ రోజు నోరు ఊరుకోలేదు. మా చెల్లెలి కథ చెప్పాను. మీకూ ముందు అదే చెబుతాను.

మా పుట్టిల్లు బాపట్ల. నా చెల్లెలికి రెండో ఏటి నుంచే ఎడమకన్ను ముక్కువైపు తిరిగేది. మా నాయనమ్మ "మెల్లకన్ను అదృష్టమే, లక్ష్మీదేవి నడిచొస్తుంది" అనేది. మా అమ్మకు లోపల దిగులే, కాని ఇంట్లో పెద్దావిడ మాట కాదనలేకపోయింది. బడిలో పిల్లలు ఏడిపిస్తే, "పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అని సముదాయించేవాళ్లు. సర్దుకోలేదు. పెళ్లిసంబంధాలు రావడం మొదలయ్యాక, ఇరవై ఒకటో ఏట, ఆపరేషను చేయించారు. కన్ను చక్కగా నిలబడింది. ఇంట్లో అందరం సంతోషించాం.

తరువాత డాక్టరుగారు కుడికన్ను మూసి, గోడమీద అక్షరాల అట్ట చదవమన్నారు. పై వరసలో ఉన్న పెద్ద అక్షరం తప్ప మరొకటి చదవలేకపోయింది. అద్దాలు మార్చి చూశారు, లాభం లేదు. "కన్ను నిలబెట్టాంగాని చూపు తేలేమమ్మా. ఐదేళ్ల లోపు తెచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. మా అమ్మ అక్కడే బల్లమీద కూలబడిపోయింది. ఈనాటికీ మా చెల్లెలు కూరలో తాలింపు వేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటుంది. "ఉన్నది ఒక్క కన్నే కదక్కా, దీనికేమన్నా అయితే?" అంటుంది. నవ్వుతూనే అంటుంది, నాకు మాత్రం గుండె కలుక్కుమంటుంది.

చూపు ఎందుకు రాలేదు? అది తెలిస్తే పిల్లల ఆపరేషన్లకూ పెద్దల ఆపరేషన్లకూ తేడా తెలిసిపోతుంది.

మనం కంటితో చూస్తాం అనుకుంటాం. నిజానికి చూసేది మెదడు. కన్ను బొమ్మను పంపిస్తుంది, మెదడు దాన్ని చదువుకుంటుంది. ఆ చదువు పుట్టినప్పుడే రాదు, మొదటి కొద్ది సంవత్సరాల్లో నేర్చుకోవాలి. ఆ వయసులో ఒక కన్ను పక్కకు తిరిగి ఉన్నా, దానికి శుక్లం అడ్డం పడినా, మెదడు ఆ కంటిని పక్కనబెట్టి రెండో దానితోనే పని నడుపుకుంటుంది. దీన్నే సోమరికన్ను అంటారు. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లికూనల మీద పరిశోధన చేశారు. పసికూనకు ఒక కన్ను కొన్నాళ్లు మూసి ఉంచి, ఆ తరువాత తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడు దాని మాట వినలేదట. పెద్దపిల్లికి అలాగే మూసి తెరిస్తే ఏ నష్టమూ లేదు. చూపును మెదడు ఎలా చదువుకుంటుందో కనిపెట్టినందుకు ఆ ఇద్దరికీ 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన వంటింటి భాషలో చెప్పాలంటే, పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు వెయ్యాలి. చల్లారిపోయాక ఎంత మంచి పెరుగు వేసినా గట్టిగా తోడుకోదు. పసికంటి సంగతి అంతే.

అందుకే పుట్టుశుక్లం కంటిపాపకు దట్టంగా అడ్డం పడితే, ఆరు నుంచి ఎనిమిది వారాల లోపే ఆపరేషను చేయించమంటారు. "మత్తు తట్టుకోగలడా?" అన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది, ఉండాలి కూడా. అందుకే పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న డాక్టరు ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే చేస్తారు. బిడ్డ బరువు, గుండె, రక్తం అన్నీ చూస్తారు. ముందు ఎన్ని గంటలు పాలు పట్టకూడదో చెబుతారు. ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాలి. బిడ్డ ఏడుస్తున్నాడని చాటుగా పాలు పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పసివాళ్ల కంటిపాప తెల్లగా మెరిస్తే అది శుక్లమే కానక్కరలేదు. రెటినోబ్లాస్టోమా అనే కాన్సరు కూడా అలాగే కనబడుతుంది. ఒక్కోసారి ఫోటోలోనే తెలుస్తుంది, ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా పడుతుంది. తొందరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్నూ దక్కుతుంది. అటువంటి ఫోటో చూస్తే మర్నాడే బయల్దేరండి.

మెల్లకన్ను విషయానికి వస్తే, పుట్టిన మూడు నాలుగు నెలలదాకా పిల్లల కళ్లు అటూ ఇటూ తిరుగుతుండవచ్చు. ఆ తరువాత కూడా తిరుగుతుంటే అది అదృష్టమూ కాదు, సర్దుకునేదీ కాదు. అన్నిటికీ ఆపరేషను అక్కరలేదు. కొందరికి కళ్లద్దాలతోనే కన్ను నిలబడుతుంది. ఆపరేషను అంటే కన్ను బయటికి తీసి మళ్లీ పెడతారని కొందరు భయపడతారు. అది ఉత్త అబద్ధం. కనుగుడ్డును పట్టి ఉంచే కండరాలను కాస్త వెనక్కో ముందుకో జరిపి కుడతారు, అంతే. కొందరికి రెండోసారి చెయ్యవలసి రావచ్చు.

మా చెల్లెలు తన కూతురికి మూడో ఏడు రాగానే పరీక్ష చేయించింది. ఈ దోషం కుటుంబాల్లో వస్తుంది మరి. పిల్లకు ఒక కన్ను మందమని తేలింది. అద్దాలు ఇచ్చి, బాగున్న కంటికి రోజూ రెండు గంటలు పట్టీ వెయ్యమన్నారు. మంచి కన్ను మూస్తేగాని మందకన్ను పని నేర్చుకోదు. ఆ పిల్ల ఏడ్చి గోలపెట్టేది. చెల్లెలు కూడా ఏడ్చేది, కాని పట్టీ తియ్యలేదు. ఆ రెండు గంటలూ పక్కన కూర్చోబెట్టుకుని బియ్యంలో మట్టిగడ్డలు ఏరించేది, పూసలు గుచ్చించేది. రెండేళ్లు తిరిగేసరికి రెండు కళ్లూ దాదాపు సమానమయ్యాయి. ఏడేళ్ల లోపు ఈ వైద్యం బాగా పనిచేస్తుందట.

ఇక పెద్దవాళ్ల సంగతి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

మా అత్తగారికి డెబ్బై రెండో ఏట శుక్లాలు వచ్చాయి. ఆపరేషను మాట ఎత్తితే, "ముదరనీవే, ముదిరితేగాని తియ్యరు" అనేవారు. ఆ మాట వట్టి మూఢనమ్మకం కాదు, ఒకప్పుడు నిజమే. 1986 ప్రాంతంలో మా అమ్మమ్మకు కంటి శిబిరంలో ఆపరేషను చేసినప్పుడు నేను చిన్నదాన్ని. కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. తరువాత సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. అవి తీస్తే అమ్మమ్మకు మా మొహాలు పోల్చుకోవడం కూడా కష్టమయ్యేది. శుక్లంతో పాటు కంటిలోని లెన్సు మొత్తం తీసేసి, దాని స్థానంలో ఏమీ పెట్టకపోవడమే కారణం.

లోపల కృత్రిమ లెన్సు పెట్టడం లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు 1949లోనే మొదలుపెట్టారు. యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని భరించిందని గమనించి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. అది మన ఊళ్లదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు చిన్న గాటులోంచి శుక్లం తీసి, లెన్సు పెట్టి, చాలామందిని ఆ రోజే ఇంటికి పంపిస్తున్నారు. ముదరవలసిన పని లేదు. చదువుకో, వంటకో, నడకకో చూపు అడ్డం వస్తే చాలు, ఆపరేషనుకు వేళయినట్టే.

పెద్దవాళ్ల మెదడు చూపును ఎప్పుడో నేర్చేసుకుంది. శుక్లమంటే కిటికీ అద్దానికి పట్టిన మసి. ఈ నెల తుడిచినా, రెండు నెలలు ఆగి తుడిచినా బయటి దృశ్యం అలాగే ఉంటుంది. కాబట్టి కంగారుపడి పరిగెత్తనక్కరలేదు. మా అత్తగారికి షుగరు ఎక్కువుంటే, అదుపులోకి వచ్చేదాకా ఆగి, తరువాత ఒక కన్ను, కొన్ని వారాలకు రెండోది చేశారు. ఇంటికొచ్చిన మూడో రోజున గోడవంక చూసి, "ఇంత బూజు పట్టిందేమే, దులపవా?" అన్నారు. కోపం రాలేదు, నవ్వొచ్చింది.

నిదానం అంటే నిర్లక్ష్యం కాదు సుమా! శుక్లం బాగా ముదిరిపోతే కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. చుక్కల మందులతో శుక్లం కరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆపరేషను తరువాత నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా వెళ్లాలి. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మసకేస్తే శుక్లం తిరిగొచ్చిందని దిగులు వద్దు. లెన్సు వెనక పొర మందమవుతుంది, లేజరుతో సరిచేస్తారు. అయితే షుగరు వల్ల కంటి వెనక నరాల పొర అప్పటికే చెడి ఉంటే, శుక్లం తీసినా పూర్తి చూపు రాదు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. పెద్దవాళ్లకు ఉన్నట్టుండి మెల్ల వచ్చినా, ఒకటి రెండుగా కనబడినా, అక్కడ మాత్రం నిదానం పనికిరాదు. షుగరో, రక్తపోటో, మెదడు జబ్బో కారణం కావచ్చు.

మన ప్రాంతం వాళ్లకు దారులు ఉన్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ప్రభుత్వాసుపత్రులున్నాయి, మొదట అక్కడ చూపించవచ్చు. పెద్ద వైద్యానికి గుంటూరు పెద్దాసుపత్రి, పెదకాకాని దగ్గర శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. పిల్లల్లో పుట్టుశుక్లం వంటి పుట్టు లోపాలను వెతికి వైద్యానికి పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో వచ్చింది. అంగన్‌వాడీలోనూ బడిలోనూ పరీక్షకు వచ్చినప్పుడు పిల్లల్ని దాచకండి. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ శుక్లంతో పుట్టవచ్చు కాబట్టి, తొమ్మిది నెలలకు వేసే ఎం.ఆర్. టీకా, ఏడాదిన్నర ప్రాంతంలో వేసే రెండో టీకా మానకండి.

ఆలస్యమైపోయిన పిల్లలున్న తల్లులు నిరాశ పడవద్దు. ఢిల్లీలో ప్రాజెక్ట్ ప్రకాశ్ పేరిట, పుట్టుశుక్లంతో ఎనిమిదేళ్లు, పదేళ్లు దాటిన పిల్లలకు ఆపరేషన్లు చేయించి పరిశీలించారు. అంత ఆలస్యంగా చేసినా చాలామందికి మనుషుల్నీ వస్తువుల్నీ పోల్చుకునేటంత చూపు వచ్చింది. పదును మాత్రం పూర్తిగా రాలేదు. ఆలస్యానికి వెల ఉంది, అంతేగాని దారి మూసుకుపోలేదు.

ఇంట్లో మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. బిడ్డ ఆడుకుంటున్నప్పుడు ఒక కన్ను అరచేత్తో మూయండి, తరువాత రెండోది. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూసినప్పుడు చేతిని నెట్టేస్తే, డాక్టరుకు చూపించండి. ఏ అనుమానం లేకపోయినా బడిలో వేసేముందు ఒకసారి చూపించడం మంచిది.

రైల్లో ఇంత పురాణం చెప్పలేదు గాని, చెప్పాల్సింది చెప్పాను. భట్టిప్రోలు దాటాక ఆ పెద్దావిడ, "మీ చెల్లెలికి ఇప్పటికీ రాలేదామ్మా చూపు?" అని అడిగింది. "రాలేదు పిన్నిగారూ" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. రేపల్లెలో దిగేటప్పుడు ఆ పిల్ల నా ఫోను నెంబరు రాసుకుంది.

ఏడో వారంలో ఒక కన్ను, వారం తరువాత రెండోది చేశారట. మరీ పసివాడని లోపల లెన్సు అప్పుడే పెట్టలేదు. బొటనవేలంత అద్దాలు ఇచ్చారు, వాటిని నెలనెలా మార్చడం, లాగి పారేస్తే మళ్లీ పెట్టడం, కంట్లో ఒత్తిడి చూపించుకోవడం, అన్నీ ఆ పిల్లే చూసుకుంటోంది. ఆపరేషను ఒక్కరోజు పని, తల్లి పని ఏళ్ల తరబడి. మొన్న సంక్రాంతికి ఫోను చేసింది. "ముగ్గు మీద పెట్టిన గొబ్బెమ్మలో బంతిపువ్వు పీకి నాకిచ్చాడక్కా" అంది.

ఆ మాట మా అమ్మకు చెబితే, కాసేపు ఊరుకుని, "మంచి పని చేశావే" అంది. మీ ఎదురింట్లోనో, మీ బండిలోనో అటువంటి బిడ్డ కనబడితే మీరూ మొహమాటపడకండి.

సెలవు.